పొల్లు ఏది, దుమ్ము ఏది

మా పెద్దనాన్న సినిమా తీశారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ మాట వెంటే, దాని కోసం మూడెకరాలు అమ్మారన్న మాట కూడా వచ్చేది. ఈ రెండింటినీ విడదీసి చెప్పిన బంధువు మాకు ఒక్కరూ లేరు. సినిమా మాత్రం ఎవరి దగ్గరా లేదు. 1970ల చివర రాజమండ్రిలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఒకసారి, మా ఊరి హైస్కూలు ఆవరణలో తెర కట్టి ఒకసారి వేశారట. సెన్సారుకు పంపడానికి డబ్బు మిగల్లేదు కాబట్టి థియేటరు గడప తొక్కలేదు. తీయించిన రెండు ప్రింట్లలో ఒకదాన్ని ఎవరో తమ ఊళ్లో వేసుకుంటామని పట్టుకెళ్లారు, తిరిగి రాలేదు. రెండోది ఎక్కడ పెట్టారో చివరి రోజుల్లో పెద్దనాన్నకే గుర్తు లేదు.

మా ఊరు కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయ వైనతేయ గట్టు పక్కన. పెద్దనాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనా, రాజమండ్రిలో ఫొటో స్టూడియో నడిపిన ఆయన స్నేహితుడూ కలిసి, సెలవు రోజుల్లో, అరువు తెచ్చిన బోలెక్స్ కెమెరాతో 16 ఎంఎం ఫిల్ము మీద నలుపు తెలుపుల్లో తీశారు. ఆ స్నేహితుణ్ణి మేమంతా ఫొటో మామయ్య అంటాం. ఇప్పుడు ఎనభై దాటిన మనిషి. ఆ కెమెరాకు కరెంటు అక్కర్లేదు, చేత్తో స్ప్రింగుకు కీ ఇవ్వాలి. నిండా కీ ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 28 సెకన్లు తిరిగి ఆగిపోతుంది. అందుకే సినిమా మొత్తంలో అర నిమిషం దాటిన షాటు ఒక్కటీ లేదు. ఈ మధ్య చూసిన ఒక సినిమా విద్యార్థి, ఆ రోజుల్లోనే ఇంత వేగంగా కత్తిరించారంటే ఎంత ఆధునికంగా ఆలోచించారో అన్నాడు. ఆలోచించింది స్ప్రింగు అని చెప్పాను.

కథ పెద్దదేమీ కాదు. గోదారి నడుమ లంకలో ఒక కుటుంబం. ఏటికోతకు పొలం ఏటేటా గోదాట్లో కలిసిపోతోంది. కొడుకు గట్టు మీదికి, అత్తవారి ఊరికి వెళ్లిపోదామంటాడు. తల్లి రానంటుంది. అంతే. మధ్యలో కోతలు, నూర్పిళ్లు, ఏరు దాటించే పంటు, వరద, ఒక పెళ్లి. వేషాలు వేసినవాళ్లంతా ఊరివాళ్లే. సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. డబ్బు పెట్టిన స్నేహితులు నలుగురైదుగురు ఉన్నారు, వారి వారసుల సంతకాలన్నీ ఇంకా చేతికి రాలేదు. సినిమా హక్కు మన చట్టం ప్రకారం విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఎక్కడా విడుదలే కాని సినిమా సంగతి అడిగితే వకీలు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పాత పెంకుటిల్లు విప్పి డాబా వేయడం మొదలుపెట్టినప్పుడు అటక మీది సామానులో ఒక ట్రంకు పెట్టె దిగింది. మూత తెరిచిన మేస్త్రీ ఏదో పచ్చడి జాడీ పులిసిపోయిందని ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆ ఘాటు నాకు రోజూ ల్యాబులో తగిలేదే: ఎసిటిక్ ఆమ్లం. పెట్టెలో రేకు డబ్బాలు ఏడు, ఒక్కొక్కటి 400 అడుగులది. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు, నిమిషానికి 36 అడుగులు. డబ్బాకు పదకొండు నిమిషాలు. ఏడింటినీ కలిపితే గంటా పావు పైచిలుకు సినిమా. అడుగున ఒక లాంగ్ నోటుబుక్కు, అందులో పెద్దనాన్న గుండ్రటి అక్షరాల్లో మాటలు, షాట్లు, భోజనాల ఖర్చు.

ఆ పెట్టె ఎన్ని చూసిందో లెక్క వేస్తే మిగలడమే విడ్డూరం. 1986 ఆగస్టు వరదకు సామానంతా అటకెక్కించారు, అప్పుడే ఇదీ ఎక్కి ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు పెంకులు లేచిపోయి ఆ అటక నానింది. మిగతా కాలమంతా మా కోనసీమ ఉక్క.

ఫిల్ము పట్టీ సెల్యులోజ్ ట్రైఎసిటేట్. దానికి తేమ, వేడి తగిలితే ఎసిటైల్ గుంపులు ఊడి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. పుట్టిన ఆమ్లమే ఆ చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. మూత బిగించి ఉంచితే ఆవిరి బయటికి పోలేక పక్క చుట్టకూ అంటుకుంటుంది. సినిమా భద్రపరిచేవాళ్లు దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచితేనే కొత్త ఫిల్ముకు ఇది దాదాపు 40 ఏళ్లలో మొదలవుతుందని లెక్క. మా అటక మీద ఆ రెండు అంకెలూ కలిసి ఏ ఒక్క రోజైనా ఉన్నాయని నేను అనుకోను.

ఏ రీలు ఎంత పాడైందో తెలుసుకోవడానికి ఆర్కైవుల్లో ప్రత్యేకమైన కాగితపు ముక్కలు వాడతారు. వాటి మీద పూసేది బ్రోమోక్రెసాల్ గ్రీన్. అది మా ల్యాబు బీరువాలోనే ఉంది. ఫిల్టర్ కాగితాన్ని అందులో ముంచి, నీలంగా ఆరబెట్టి, ముక్కలు కోసి ఒక్కో డబ్బాలో ఒక్కటి వేసి మూత పెట్టాను. మర్నాటికి రెండు ముక్కలు ఆకుపచ్చగా మారాయి, నాలుగు పసుపు కలిసిన ఆకుపచ్చ, మూడో రీలులోది నిండు పసుపు. తర్వాత స్కేలు తీసుకున్నాను. ప్రింటు ఫిల్ము అంచున రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 7.62 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే వంద రంధ్రాలకు 762. మూడో రీలులో 752 వచ్చాయి. ఒక శాతం దాటి కుంచించుకుపోతే ప్రొజెక్టరు పళ్లకు రంధ్రాలు అందవు. పట్టుకు లాగితే చిరిగిపోతుంది. పైగా అది ఎండలో పెట్టిన అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది. సంక్రాంతికి అందరూ వస్తారు, స్కూల్లో పాత ప్రొజెక్టరు ఉంది, ఒక్కసారి వేసి చూద్దాం అని మా అన్నయ్య సరదా పడ్డాడు. పెట్టెకు తాళం వేసి తాళంచెవి కాలేజీకి పట్టుకుపోయాను.

నెగెటివు దొరికితే ఈ ప్రింటుతో ఇంత అవస్థ ఉండేది కాదు. అది మద్రాసులో ప్రింటు వేసిన ల్యాబులోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో అదే రివాజు: నిర్మాత నెగెటివు ఇంటికి తెచ్చుకోడు, ల్యాబువాళ్లు దాస్తారు, బాకీ ఉంటే అసలే ఇవ్వరు. డిజిటల్ వచ్చి ల్యాబులు ఒకటొకటిగా మూతపడ్డప్పుడు వాటి గోదాముల్లోని డబ్బాలకు దిక్కు లేకపోయింది. ఆ ల్యాబు తాలూకు రిజిస్టరు చూడగలిగాం. పెద్దనాన్న పేరు ఉంది, ఎదురుగా ఎర్ర సిరాతో ఒక టిక్కు ఉంది. టిక్కు అంటే ఇచ్చేశారా, పారేశారా అని అడిగితే చెప్పే మనిషి లేడు. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంటే వెండి రేణువులే. పాత ఫిల్మును కిలోల లెక్కన కొని వెండి తీసుకునే వ్యాపారం ఒకటి ఉండేది. నా అనుమానం అటే పోతుంది.

మన సినిమాకు ఇది కొత్త దుఃఖమేమీ కాదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ నుంచే మన పోగొట్టుకోవడం మొదలైంది. దేశమంతటా 1,300కు పైగా మూకీలు తీస్తే ఇప్పుడు పూర్తిగానో ముక్కలుగానో ఉన్నవి ముప్పై లోపే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది 1964లో. అప్పటికి పోవలసినవి చాలావరకు పోయాయి. డబ్బున్న స్టూడియోల సినిమాలకే ఈ గతి అయితే మాస్టారి సినిమా ఎవరికి కావాలి?

2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో ఫిల్ము భద్రపరచడం మీద ఒక శిక్షణ శిబిరం పెట్టింది. అందులో నేర్చుకున్న ఒకమ్మాయి నా పాత విద్యార్థిని స్నేహితురాలు. ఫోనులో ఆ అమ్మాయి చెప్పినవే నాకు మొదటి పాఠాలు. చుట్ట విప్పవద్దు. బూజు కనిపించినా నీళ్లు తగలనివ్వవద్దు, ఎందుకంటే బొమ్మను పట్టి ఉంచే జిలాటిన్ పొరను బూజు తింటే అది నీళ్లలో కరిగిపోతుంది, దాంతోపాటే బొమ్మా పోతుంది. డబ్బాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టవద్దు. కేరళలో దర్శకుడు అరవిందన్ 1978లో తీసిన థంపు సినిమాను పునరుద్ధరించి 2022లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో వేశారని కూడా తనే చెప్పింది. దాని అసలు నెగెటివు కూడా దక్కలేదట. ఈ ఒక్క మాటతో మా పెద్దమ్మ ఒప్పుకుంది. అంతకుముందు వరకు, పోయిన మూడెకరాలు చాలవా, మళ్లీ ఖర్చెందుకు అని ఆమె వాదన. ఖర్చు ఎంతయిందన్నది అన్నయ్యా నేనూ పంచుకున్న సంగతి. ఆ ఏడాది కొబ్బరి ధర బాగుండబట్టి సరిపోయింది.

రీళ్లను విడివిడిగా కట్టి ముంబయిలోని ఒక ల్యాబుకు పట్టుకెళ్లాం. అక్కడ ముందు చేత్తో పని. ఒకతను తెల్ల బల్ల మీద అడుగు అడుగు విప్పుతూ, పాత అతుకులు ఊడితే మళ్లీ అతికిస్తూ, చిరిగిన రంధ్రాలకు సన్నటి టేపు వేస్తూ కూర్చున్నాడు. ఆల్కహాలు తడిపిన మెత్తటి గుడ్డను ఫిల్ముకు ఆనించి మెల్లగా లాగితే గుడ్డ మీద మట్టి చార పడేది. ఆ రంగు చూడగానే గుర్తుపట్టాను, మా గట్టు మీది ఒండ్రు. స్కానరు పళ్లచక్రాలు లేనిది, మెత్తటి రోలర్ల మీద నడుస్తుంది. రంధ్రం ఎక్కడుందో లేజరుతో చూసుకుంటుంది కనుక కుంచించుకుపోయిన ఫిల్మునూ పట్టగలదు. లక్షా పది వేల ఫ్రేములు, ఫ్రేముకు పన్నెండు మెగాబైట్ల పైన. దాదాపు 1.4 టెరాబైట్లు. మూడో రీలు చివర రెండు నిమిషాల బొమ్మ, ఎమల్షన్ అనే ఆ పై పొర కరిగి, మరకలైపోయింది, ఆ మేరకు పోయినట్టే.

ఇంతవరకు నేను ఊరికే చూస్తూ ఉన్నాను. నా అవసరం పడింది తర్వాతే.

స్కాన్ అయ్యాక దుమ్ము చుక్కలు, గీతలు తీసే పని కంప్యూటర్‌ది. ఒక కుర్రాడు పర్యవేక్షిస్తాడు. తెలుగువాడే గాని ముంబయిలో పుట్టి పెరిగినవాడు. శుభ్రం చేసిన మొదటి కాపీ పంపాడు. మూడో రీలులో కళ్లం సన్నివేశం ఉంటుంది. సార్వా కోతలయ్యాక కుప్ప నూర్చి తూర్పార పడుతున్నారు. ఒకామె ముక్కాలిపీట ఎక్కి చేటతో ధాన్యం వదులుతుంటే గింజ నిలువుగా రాశి మీద పడుతుంది, పొల్లూ తాలూ గాలికి పక్కకు లేచిపోతాయి. ఎండ వెనక నుంచి పడేలా కెమెరా పెట్టారు కాబట్టి లేచిన పొల్లంతా తెల్లగా మెరవాలి. నోటుబుక్కులో ఈ షాటుకు ఎదురుగా "ఉదయం 7 లోపు. గాలి ఉంటేనే." అని పెద్దనాన్న రాసుకున్నారు.

కుర్రాడు పంపిన కాపీలో ఆమె ఉంది, చేట ఉంది, రాశి ఉంది. పొల్లు లేదు. ఆకాశం కడిగేసినట్టుంది. ధాన్యం ధార కూడా సగం చిక్కిపోయింది.

ఏమైందో చెప్పడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. కంప్యూటర్ ప్రతి ఫ్రేమునూ దాని ముందు ఫ్రేముతో, వెనక ఫ్రేముతో పోల్చి చూస్తుంది. రెండింటిలోనూ లేకుండా ఈ ఒక్కదానిలోనే ఉన్న చుక్కను దుమ్ము కింద లెక్కగట్టి, ఆ చోటును పక్క ఫ్రేముల నుంచి తెచ్చి పూడుస్తుంది. దుమ్ము నిజంగానే అలా ఒక్క ఫ్రేములో మెరిసి పోతుంది. గాలికి కొట్టుకుపోయే పొల్లూ అంతే. సెకనులో ఇరవై నాలుగో వంతులో అది ఎక్కడికో ఎగిరిపోతుంది. యంత్రం కంటికి ఆ రెండూ ఒకటే. ల్యాబువాళ్లకు తెలియని సంగతి కాదు, వానా నిప్పురవ్వలూ ఉన్నచోట జాగ్రత్తపడతారు. అయితే ఆ సన్నివేశంలో ఎగిరే వస్తువు ఒకటి ఉండాలని ఆ అబ్బాయికి తెలియదు. అతను తూర్పార పట్టడం ఎన్నడూ చూడలేదు. చేటలోంచి ధాన్యం ఒంపి రాశి పోస్తున్నారనుకున్నాడు. ఇప్పుడు మా ఊళ్లో పుట్టిన పిల్లలకూ తెలియదు, కోత యంత్రం లోపలే అన్నీ అయిపోతాయి.

వేసవి సెలవులకు వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. కళ్లం సన్నివేశానికి యంత్రం పని ఆపించి ఒక్కో ఫ్రేమూ చూశాం. నల్ల చుక్కలతో బాధ లేదు: ప్రింటు మీద పడ్డ మురికి తెర మీద నల్లగా కనిపిస్తుంది, అన్నీ తీసేయవచ్చు. చిక్కంతా తెల్ల చుక్కలతో. నెగెటివు మీద దుమ్ము ఉండగా ప్రింటు వేస్తే ఆ దుమ్ము తెల్ల చుక్కగా దిగుతుంది. పొల్లు కూడా తెల్లనే. చూడగా చూడగా ఒక దారి దొరికింది. పొల్లు కదులుతూ ఉండగా పడిన బొమ్మ కనుక అది చుక్కలా కాక సన్నటి చారలా సాగి ఉంటుంది, ఆ చారలన్నీ గాలివాలుకే ఉంటాయి. గాలివాలుతో పొత్తు లేకుండా, గుండ్రంగానో వంకరగానో, అంచులు స్పష్టంగా ఉన్నది దుమ్ము. ముక్కాలిపీటకు కుడివైపు గాలి పోతుంటే ఎడమవైపు పొల్లు ఉండే ప్రసక్తి లేదు. అలా వదలవలసినవి వదిలి, తీయవలసినవి అతను పెన్నుతో ఒకటొకటి తీశాడు. రోజంతా పని చేస్తే తెర మీద కొన్ని సెకన్లు. రెండో వారానికి నా కన్నా అతనే చురుగ్గా చెప్పడం మొదలుపెట్టాడు: మేడమ్, ఇది తాలు, ఇది మురికి.

ఏటి మీద దూరంగా లేచిన కొంగల బారులో కూడా ఇదే గొడవ. బారులో ముందున్న పక్షులు ఉన్నాయి, చివరివి రెండు ఫ్రేములకోసారి మాయమవుతున్నాయి. వాటినీ వెనక్కి తెచ్చాం. రెండో రీలులో మాత్రం వ్యవహారం తిరగబడింది. గట్టు మీద ఇల్లు, దాని మీదుగా నిలువు గీతలు. కళ్లం అనుభవంతో భయపడిన కుర్రాడు అది వాన అనుకొని ముట్టుకోలేదు. ఆ ఇంటి ముందు చాప మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వానలో మిరపకాయలు ఆరబోసే ఇల్లాలు గోదావరి జిల్లాల్లో లేదు. ఆ గీతలు ప్రొజెక్టరు గీసినవి; తీసేశాడు.

ఐదో డబ్బాలో ఉన్నది అసలు ప్రింటే కాదు. మిగతా ఆరింటిలో బొమ్మ పక్కన శబ్దపు పట్టీ ఉంది. 16 ఎంఎంలో శబ్దం తన బొమ్మ కన్నా 26 ఫ్రేములు ముందు ఉంటుంది, ఆ తేడా సరిచూసి చదివితే గరగరలతో సహా మాటలన్నీ వచ్చాయి. ఐదోది ఎడిటింగ్ బల్ల మీద కోసి అతికించిన రష్ ప్రింటు, అంటే చిత్తు కాపీ. అడుగడుగునా టేపు అతుకులు, ఫిల్ము మీద పసుపుపచ్చ మైనపు పెన్సిలుతో గీసిన అడ్డగీతలు, ఒకచోట పెద్దనాన్న రాసిన "ఇక్కడ చాలు". శబ్దం లేదు. ప్రింటు తాలూకు ఐదో రీలు ఎప్పుడు చెడిపోయిందో, దాని బదులు ఎవరు దీన్ని డబ్బాలో పెట్టారో తెలియదు. సినిమాకు ప్రాణమైన తగువు ఆ రీలులోనే ఉంది: రేవులో తల్లీ కొడుకూ పోట్లాడుకునేది.

నోటుబుక్కులో తల్లి మాట ఇలా ఉంది: "ఈ నేల నా తోడబుట్టింది. ఇది మునిగేదాకా నేను కదలను." తెర మీద చూస్తే ఆమె పెదవులు ఇంత నెమ్మదిగా ఆడటం లేదు. తల్లి వేషం వేసినావిడ మాకు వరసకు అత్తయ్య, అప్పటికి ముప్పై నిండలేదు, జుట్టుకు పిండి రాసి ముసలమ్మను చేశారు. ఇప్పుడు పిండి అక్కర్లేదు. ఫోనులో ఆ ముక్క చూపించి అడిగాను, అప్పుడు ఏమన్నారు అత్తయ్యా అని. ఒకసారి చూసింది, రెండోసారి పెట్టమంది. "మీ పెద్దనాన్న రాసింది నోటికి తిరగలేదమ్మాయ్. రానురా వెధవా, నీ అత్తారి చూరు కింద పడుండటానికి నేను రాను అన్నాను. మీ పెద్దనాన్న తల పట్టుకున్నారు. కెమెరా ఆగిపోయింది, ఫిల్ము మళ్లీ కొనలేరు కదా, అలాగే ఉంచేశారు." మళ్లీ పెట్టి చూశాను. పెదవులు ఆ మాటకు సరిగ్గా కుదిరాయి.

అంతటితో తేలలేదు. మద్రాసులో ఆమెకు డబ్బింగు చెప్పింది వేరే నటి. ఆవిడ పుస్తకం చూసి చెప్పిందా, పెదవులు చూసి చెప్పిందా? హైస్కూలు ఆవరణలో జనం విన్నది ఏ మాట? ఊళ్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు, అందరూ ఖాయంగానే చెప్పారు. పెద్దనాన్న పాత టేపుల్లోని గొంతునో, అత్తయ్య గొంతునో కంప్యూటర్‌కు నేర్పించి మాటలు పుట్టించవచ్చని అన్నయ్య అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేని శబ్దాన్ని మనం చేసి పెడితే పదేళ్లకు అదే అసలైపోతుంది. మూడో రీలులో పొల్లు కోసం అంత పట్టుబట్టి ఇక్కడ గాలి మూట కడతామా? చివరికి ఐదో రీలును శబ్దం లేకుండానే ఉంచి, కింద నోటుబుక్కులోని మాటలు అక్షరాలుగా వేశాం. రీలు మొదట్లో ఆ సంగతి చెప్పే కార్డు ఒకటి పెట్టాం. అత్తయ్య చెప్పింది రికార్డు చేసి విడిగా దాచాం. దీనికి పెద్దమ్మ సంతోషించింది, అత్తయ్యకు కోపం వచ్చింది. నా నోరు కనిపిస్తుంటే ఆయన మాట వేయడమేమిటి అని ఆమె ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఊళ్లో వేసిన రోజు ఐదో రీలు రాగానే ముందు వరుసలోంచి తన మాటలన్నీ తనే గొంతెత్తి చెప్పేసింది. పెద్దమ్మ తల తిప్పలేదు.

ఇలాంటి తగువులు తీర్చుకోవడానికి ల్యాబువాళ్లూ మేమూ ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రింటు పెద్దనాన్న చేతికి వచ్చిన రోజున అందులో ఏముందో అది ఉండాలి. ఆ తర్వాత కాలం చేర్చింది పోవాలి. గోదారి ఒండ్రు, బూజు, ప్రొజెక్టరు గీతలు పోతాయి. ఒక షాటులో కెమెరా లోపల ఇరుక్కున్న వెంట్రుక ఒకటి అడుగున వణుకుతూ ఉంటుంది. అది ఆ రోజుదే, ఉంటుంది. ప్రపంచ ఫిల్మ్ ఆర్కైవుల సమాఖ్య ఫియాఫ్ నియమావళి కూడా అసలు వస్తువు స్వభావం మార్చవద్దనే చెబుతుంది. అందరూ ఒప్పుకున్నారు. ఫొటో మామయ్య కూడా తల ఊపారు, ఆరో రీలు వచ్చేదాకా.

అందులో పాత అక్విడెక్టు షాటు ఉంది. కాటన్ కాలంలో కట్టింది, కింద వైనతేయ, పైన కాలువ. సాయంకాలం ఎండ. కొడుకు మూట భుజాన వేసుకుని కాలువ వెంట వెళ్లిపోతుంటాడు. ఎడమవైపు గోడ మీద కొన్ని క్షణాలు ఒక నీడ పడుతుంది: మూడు కాళ్ల స్టాండు, దాని వెనక వంగిన మనిషి. మామయ్య నీడ. రాజమండ్రి ప్రదర్శనలో ఎవరో దాన్ని చూసి నవ్వారట. ఇన్నేళ్లుగా ఆయన దాన్ని మోస్తున్నారు.

"పొల్లు తెచ్చారు, కొంగల్ని తెచ్చారు. నా నీడ తీయడానికి ఏమొచ్చింది? కంప్యూటర్ ఉందిగా" అన్నారు. కుర్రాణ్ణి అడిగితే గంట పని అన్నాడు. నేను వద్దన్నాను. "అమ్మాయ్, మీ పెద్దనాన్న ఉంటే తీసేయమనేవాడు" అన్నారు. అనేవారేమో. ఆయనకు ఆ షాటు మళ్లీ తీయడానికి ఫిల్ము లేక వదిలేశారు గాని ఇష్టపడి కాదని నోటుబుక్కే చెబుతోంది. అయినా ఈ ఒక్కటి తీస్తే అత్తయ్య మాట ఎందుకు మార్చలేదని అడుగుతుంది, వెంట్రుక ఎందుకు ఉంచారని ఇంకొకరు అడుగుతారు. మామయ్యతో ఈ వాదన ఫోనులోనూ ఎదురుగానూ చాలాసార్లు నడిచింది. చివరికి ఆయనే ఒక షరతు పెట్టారు. పునరుద్ధరణ నివేదికలో తన అభ్యంతరం రాయాలి. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను: "ఆరో రీలులో ఛాయాగ్రాహకుని నీడ ఆయన పొరపాటు వల్ల పడింది. దాన్ని తొలగించమని ఆయన కోరారు. తొలగించలేదు." కింద సంతకం పెట్టారు. సంతకం సరిగ్గా రాలేదని ఆ కాగితం చింపించి మళ్లీ ప్రింటు తీయించి పెట్టారు.

ఒరిజినల్ రీళ్లు ఇప్పుడు చల్లగా, పొడిగా ఉండే వాల్టులో ఉన్నాయి. చెడిపోవడం ఆగదు, నెమ్మదిస్తుంది. స్కాన్ ఫైళ్లు ఎల్‌టీఓ అనే కంప్యూటర్ టేపుల మీద రెండు ఊళ్లలో ఉన్నాయి, కొన్నేళ్లకోసారి కొత్త టేపులకు ఎక్కిస్తూ ఉండాలి. ఇక వెతకవలసింది పట్టుకెళ్లి తిరిగి ఇవ్వని ఆ మొదటి ప్రింటు కోసం. విజయవాడ వైపు వెళ్లిందని మామయ్య అంటారు, విశాఖ వైపని పెద్దమ్మ. డబ్బాలు ఏడంగుళాల రేకువి, మూత మీద తెల్ల రంగుతో అంకె వేసి ఉంటుంది. ఐదో అంకె డబ్బా ఒక్కటి దొరికినా చాలు. మీ అటక మీద అలాంటిది పుల్లటి వాసన వేస్తూ కనిపిస్తే ఎండలో పెట్టకండి, కడగకండి, ప్రొజెక్టరుకు ఎక్కించకండి. మూత తీసే ముందు కిటికీలు తెరవండి, మాకు కబురు చేయండి. పెట్టె మోసుకురావడానికి అన్నయ్య వస్తాడు.